వెనక్కి రాని పిడి

ఉత్తరం నా పేరున రాలేదు.
బండి మొదట కొన్న నేదునూరి కాసులయ్య పేరున
రాజోలు వెళ్ళి, చూరులో ఆర్నెల్లు నాని,
కొబ్బరి దింపుల మనిషి చేత నాకు చేరింది.

'యాక్సిలరేటర్ ఒక్కోసారి తిరిగి రాకపోవచ్చు' అని రాశారు.
రాకపోవచ్చట!
లొల్ల లాకుల దగ్గర నేను చెయ్యి తీసేశాక కూడా
అది పరుగు ఆపలేదు.
రొయ్యల మేత బస్తా కాలవలో,
నేను గట్టు మీద తుంగలో.
"తోలడం చేతకాదే నీకు" అన్నాడు మా ఆయన.
నిజమే కాబోలనుకుని
రెండు నెలలు బస్సెక్కాను.

అమలాపురం షోరూములో కుర్రాడు
పావుగంటలో కొత్త స్ప్రింగు వేశాడు, డబ్బులొద్దన్నాడు.
పాతది అడిగి తెచ్చుకున్నాను.
చిటికెన వేలంత కూడా లేదు.

రాత్రి అన్నం కంచం పక్కన పెట్టాను.
ఆయన దాన్ని వేలితో నొక్కి వదిలాడు.
అది లేవలేదు.