ఎడం కాలు

సఖినేటిపల్లి రేవులో ఆరున్నర పంటెక్కి
తనూ, సైకిలూ, హ్యాండిలుకి వేలాడే బూట్లూ
నర్సాపురం ఒడ్డున దిగేవాళ్ళు.
బూట్లు వాళ్ళన్నయ్యవి. రెండు సైజులు పెద్దవి.
కుడిదాంట్లో దూది కూరేది.
"ఎడం కాలు నాకు పెద్దదే, దానికి అక్కర్లేదు" అనేది.
నిజమే అనుకున్నాం. రెండేళ్ళూ అందరం నిజమే అనుకున్నాం.

కామాడి వీరవేణి.
నెంబరు పద్నాలుగు, ఎందుకంటే పదకొండు దాకా
మగపిల్లలు పట్టుకెళ్ళి తిరిగివ్వలేదు.
వీపు మీద ఐసు ఫ్యాక్టరీ పేరు.
నేను గోలీని. నా వీపు మీదా అదే పేరు,
నా వెనకాల వాళ్ళ నాన్న పాత మాగ వల.
చిరుగు పడితే ఆయనే వచ్చి
గోలుపోస్టు కింద గొంతుక్కూచుని అల్లేవాడు.
ఎవరు గెలిచారని ఏనాడూ అడగలేదు.
"ఎన్ని పడ్డాయి?" అనేవాడు.

ఉన్నవి రెండే బంతులు. పక్కనే కాలవ.
పాటు వేళ పడితే సముద్రం కేసి,
పోటు వేళ పడితే ఊళ్ళోకి.
జక్రయ్య మాస్టారు పంచాంగం చూసి ప్రాక్టీసు పెట్టేవారు.
అమావాస్యకి కార్నర్లు కొట్టనిచ్చేవారు కాదు.

తన ఆట ఎలా ఉండేదని అడుగుతారు.
నేను వెనకనుంచి చూసిన మనిషిని.
చేత్తో బంతి విసిరితే నేల తాకేలోపు అక్కడుండేది,
తర్వాత పద్నాలుగు చిన్నదయ్యేది,
ఐసు ఫ్యాక్టరీ ఇంకా చిన్నదయ్యేది,
అప్పుడెక్కడో దూరంగా జనం అరిచేవారు.
పడిందని నాకలాగే తెలిసేది.

పదిహేడు మ్యాచులు.
మాస్టారు నోటుబుక్కులో 'వీరవేణి, తొమ్మిది గోళ్ళు' అని రాస్తే
బస్సులో పొర్లి పొర్లి నవ్వాం.
"ఇంకోటి పెంచుకోవే" అన్నాను.
"ఏలూరులో బొటనవేలిది ఊడింది కదా,
లెక్క సరిపోయింది" అంది.

ఆ ఏలూరులోనే ఎవరో టోపీ పెద్దమనిషి పేరడిగి రాసుకున్నాడు.
జాబితాలో వీరమణి అని పడింది.
వీరమణి క్యాంపుకి వెళ్ళలేదు.

కాకినాడలో సెమీసు.
ఎవరూ తగల్లేదు. చుట్టుపక్కల ఎవరూ లేరు కూడా.
తిరగబోయింది.
పాదం నేలలోనే ఉండిపోయింది, మోకాలు వెళ్ళింది.
ఎండు కొబ్బరిమట్ట విరిగిన చప్పుడు
అరవై గజాల అవతల నాకు వినపడిందంటే
ఎవరూ నమ్మరు, చెప్పడం మానేశాను.

భీమవరం డాక్టరు మోకాలి బొమ్మ గీసి
లోపలొక పోగు తెగిందన్నాడు.
వాళ్ళ నాన్న ఆ కాగితం చాలాసేపు చూసి
"అల్లుకోదా అండీ?" అన్నాడు.
అల్లడానికి అయ్యేది పడవ ఇంజనంత.
పడవకి ఇంజను లేదు ఆ ఏడు.
ఇంజనే కొన్నారు.
తనే కొనమందట. నాతో తనే చెప్పింది.
ఇప్పటికీ సగమే నమ్ముతాను.

పందొమ్మిది దాటలేదు అప్పటికి.
నేనూ మానేశాను తర్వాతి ఏడు, పెద్ద కారణమేం లేకుండానే.
విసరడానికి మనిషి లేదు, అంతే.

నిన్న రాజోలు వెళ్తూ పంటెక్కాను.
టికెట్లు తనే కొడుతోంది. కొంచెం వంగి నడుస్తోంది,
మెట్టు దిగేటప్పుడు మాత్రం తెలుస్తుంది.
కొబ్బరి ట్రాక్టరు ఎక్కిన కుదుపుకి
ఒలవని కాయొకటి జారి దొర్లుకుంటూ వచ్చింది.
చిల్లర లెక్కపెడుతోంది. తలెత్తలేదు.
ఎడం పాదం కింద ఆగిపోయింది కాయ,
పిలిస్తే వచ్చిన కుక్కపిల్లలా.

అప్పుడు చూసింది నన్ను.
మెల్లగా, లోపలి అంచుతో, నా వైపు నెట్టింది.
ఒక చేతిలో క్యారేజీ, ఒక చేతిలో గొడుగు.
వంగేలోపు
నా కాళ్ళ సందులోంచి, గొలుసు కిందనుంచి
నీళ్ళలో పడింది.

"పది" అంది,
టికెట్టు చింపి చేతిలో పెడుతూ.

ట్రాక్టరాయన కేకలేస్తున్నాడు.
గోదారి పోటు మీదుంది.
కాయ ఎగువకే పోతోంది, తీరిగ్గా, ఊరివైపు.