చిల్లర

ముప్పై ఒక్క ఏళ్ళు రాజోలు డిపోలో కండక్టరుని.
చిల్లర లేనప్పుడల్లా టికెట్టు వెనక రాసిచ్చేవాణ్ణి,
దిగేటప్పుడు అడగండమ్మా, అని.
అడిగినవాళ్ళు అడిగారు.
అడగనివాళ్ళ మూడు రూపాయలూ ఏడు రూపాయలూ
రాత్రి లెక్క కట్టే వేళకి
తోలుసంచి అడుగున గలగలమనేవి.
వాటిని రూల్సు ఏమంటాయో గాని
నేను టీ అన్నాను. టీయే తాగాను.

ఆగస్టులో ఎర్రనీళ్ళొచ్చాయి.
ధవళేశ్వరంలో మూడో హెచ్చరికని ఫోన్లు మోగకముందే
వైనతేయ గట్టు మీద చీమలు
గుడ్లు నోట కరుచుకుని బారులు తీరాయి.
తెల్లారేసరికి లంక లంకంతా
మా వీధి హైస్కూల్లో ఉంది:
దూడలు, గంపకింద కోళ్ళు, పెళ్ళి ఫొటోలు,
ఎనిమిదో తరగతి గదిలో ఒక కుట్టుమిషను.

నాకు పాత సంచి ఉంది, అరిచే గొంతుంది.
వంటకని చందాలకి బయల్దేరాను.

రైసుమిల్లాయన నాలుగు బస్తాలు దింపించి
ఫొటో ఎప్పుడండీ అన్నాడు.
తీయించాం.
ఫొటో తీస్తే అన్నం ఉడకదా ఏంటి?
మీరాబీ చెంబుడు మేకపాలు చేతికిచ్చి
'చంటిపిల్లలకేనండి, ఆయ్,
టీలో పోసుకునేరు' అని
నా మొహం చూసి మరీ రెండోసారి చెప్పింది.
దింపు తీసే బుల్లబ్బాయి జేబులు తిరగేసి చూపించాడు:
డబ్బుల్లేవు గానండి, చెట్టెక్కుతాను.
ఎవరి చెట్టురా?
ఎవరొప్పుకుంటే వాళ్ళదండి.
పొద్దుగూకేసరికి తొంభై కాయలు,
ఒప్పుకోనాయనవి పదకొండుతో కలిపి.
చివరింటావిడ తలుపు తీయలేదు.
లోపల ఎవరో ఆగకుండా దగ్గుతున్నారు.
పుస్తకంలో ఏమీ రాయకుండా వెనక్కొచ్చి
రాత్రికి ఆ గుమ్మంలో చారూ అన్నమూ పెట్టించాం.

బంతిలో వడ్డిస్తుంటే
ప్రతి ఆడమనిషి మొహమూ వెతుకుతున్నాను.

ఇందాక అడగనివాళ్ళు అన్నాను గదా,
అది పూర్తిగా నిజం కాదు.
పాశర్లపూడిలో ఎక్కేది, గోంగూర కట్టల గంపతో.
ఆవేళ ఎనిమిది రూపాయలు రాసిచ్చాను.
దిగి, కిటికీ దగ్గరకొచ్చి,
తడిచేత్తో టికెట్టు పైకి పట్టుకుని
బాబూ, అంది.
నేను రైట్ రైట్ అన్నాను.
అప్పుడు సంచిలో చిల్లర ఉంది.

రెండో రాత్రి కడలి వారి వీరవేణికి నొప్పులొచ్చాయి.
కాజ్‌వే మీద నిలువులోతు నీళ్ళు.
మల్లాడి గంగులు పడవ తెచ్చాడు,
వాడి ఇల్లు అప్పటికే చూరుదాకా మునిగింది.
ఇద్దరం టార్చిలైటు, ఒకరు గొడుగు,
మంత్రసానితనం మరిచిపోలేదని ఒక ముసలమ్మ.
తెడ్డు నీళ్ళలో పడగానే
నా నోరు దానంతటదే
రైట్... రైట్... అంది.
పడవ పడవంతా నవ్వింది.
వీరవేణి పళ్ళ బిగువున
'స్టేజీ వస్తే చెప్పు బాబాయ్' అంది.

అవతలి ఒడ్డున అంబులెన్సు దీపం తిరుగుతోంది.
నేను జేబు తడుముకుంటుంటే
గంగులు తెడ్డు అడ్డం పెట్టి
'దిగండి మాస్టారూ, నా దగ్గర చిల్లర లేదు' అని
పడవ తిప్పేశాడు.
చీకట్లో చాలాసేపు వాడి దగ్గు వినిపించింది.

ఆడపిల్ల. మూడు కిలోలట.

నీళ్ళు తీశాయి.
నల్లబల్ల సగానికి ఒండ్రు గీత,
కిటికీ ఊచకి ఎవరిదో రిబ్బను.
బియ్యం, నూనె, బ్లీచింగు, గ్యాసు అన్నీ పోను
పుస్తకంలో రెండొందల పన్నెండు మిగిలింది.
సుద్దముక్కలు కొందామన్నారు హెడ్మాస్టరు గారు.
సరేనన్నాను.

సంతకం పెట్టేముందు
జమ వైపు ఒక గీత కొట్టి
నా జేబులోంచి ఎనిమిది రూపాయలు వేశాను.
దాత పేరు దగ్గర
గోంగూర, పాశర్లపూడి, అని రాశాను.

రేపు లెక్కలు చూసేవాళ్ళు
ఎవరండీ ఈవిడ, అని అడుగుతారు.
అడగనీ.