ఆరూ నలభై

మా ఆఫీసు ఐదో అంతస్తులో
జెరాక్స్ మిషను వెనకాల నాకో ఊరుంది.
జనాభా ఒకటి.
రాత్రి జనరేటర్ ఆపేశాక వెలుస్తుంది,
తెల్లవారుజామున చాప చుట్టేస్తే మాయం.

విక్టోరియా ఐలాండ్‌లో ఉద్యోగమని
ఇకొరొడులో మా పిన్ని వీధి వీధంతా చెప్పుకుంది.
ఆవిడకెలా చెప్పను,
పసుపు డాన్‌ఫో బస్సులో మూడు గంటలు వేలాడి
నేను ఇల్లు చేరేసరికి
నిద్ర నా మంచం మీంచి లేచి
పనికి బయల్దేరుతోందని.

జీతం లక్షా ఎనభై వేల నైరాలు.
యాబాలో గదికి ఏడాదికి తొమ్మిది లక్షలు.
రెండేళ్ళది ముందే కట్టాలన్నాడు ఏజెంటు కొలావొలె.
పైన అతని కమీషను,
అగ్రిమెంటు కాగితానికి,
ఇంకా గోడకి నేను కొట్టబోయే మేకుకి
ఇప్పుడే జరిమానా.
కిటికీ తెరిస్తే పక్కింటి గోడ
ముక్కుకి తగిలింది.
ఇంటావిడ నా ముఖం చూడలేదు, వేళ్ళు చూసింది,
ఉంగరం కోసం.
"ఒంటరి ఆడపిల్లకి ఇవ్వం."
అప్పటికీ నేను గదిని అడుగులతో కొలుస్తూనే ఉన్నాను,
మంచం ఎటు వేయాలో తేలనట్టు.

దుప్పటి ఉన్నంతే కాళ్ళు చాపమంటారు.
దుప్పటిదేముంది, ఐదడుగులుంది.
మిషనుకీ బీరువాకీ మధ్య నాలుగున్నరే.
ఆ అరడుగూ ఎక్కడ దాచుకోవాలో
నాలుగేళ్ళ అకౌంటెన్సీలో చెప్పలేదు.
సమ్మెలతో కలిపి ఆరేళ్ళు.

రాత్రికి చన్నీళ్ళలో గరి, గుప్పెడు వేరుశనగలు,
పంచదార ఉన్న రోజు పంచదార.
కర్రపెండలం రవ్వ కదా,
నీళ్ళు పోసి కాసేపు వదిలేస్తే రెట్టింపవుతుంది.
పగలంతా నేను చూసే ఏ లెక్కకీ
ఆ మంచి గుణం లేదు.

వాచ్‌మన్ దన్లాదికి తెలుసు.
మొదటి రాత్రి టార్చి నా మొహం మీద పడింది,
పడిన వెంటనే పైకప్పు మీదికి తిరిగింది,
ఎక్కడో నీళ్ళు కారుతున్నాయేమో వెతుకుతున్నట్టు.
ఆ మర్నాటి నుంచి
మెట్ల మలుపులో ఒక బకెట్ నీళ్ళుంటాయి.
ఎవరు పెట్టారని నేనడగలేదు.
ఎవరు వాడారని అతనూ అడగలేదు.

స్నానం చేసి, చొక్కా దులుపుకుని
వెనక మెట్లు దిగుతాను.
సందు చుట్టి, భుజాన బ్యాగుతో
ముందు గేటులోంచి వస్తాను,
కాస్త ఆయాసపడుతూ.
దన్లాది లేచి రిజిస్టరు తిప్పి పెన్నిస్తాడు.
"ట్రాఫిక్ ఎలా ఉంది మేడమ్?"
"ఇవాళ ఫర్వాలేదు."

డిసెంబరు మీటింగులో మేనేజరు అన్నాడు,
"ఇబిసోని చూసి నేర్చుకోండి.
వాన పడనీ, వంతెన మీద లారీ బోల్తా పడనీ,
ఒక్కరోజు ఆలస్యం లేదు."
లాగోస్ మొత్తం మీద ఇంత కచ్చితమైన మనిషి లేదట.
చప్పట్లు.
రంగుకాగితం చుట్టిన బహుమతి.
విప్పితే గోడ గడియారం.

నవ్వొచ్చింది.
ఏడుపూ వచ్చేదేమో,
గొంతులో ఒక్కదానికే చోటుంది.

ఆ రాత్రి అది తల పక్కన
టిక్కుటిక్కుమంటూ అద్దె అడిగింది.
బ్యాటరీ ఊడదీశాను.
పొద్దున్నే దన్లాది చేతిలో పెట్టేశాను.
తన రేకుగదిలో చెక్కకి మేకు కొట్టి తగిలించుకున్నాడు.
మేకుకి ఎవరూ డబ్బడగలేదు.

ఇప్పుడు నేనొచ్చిన టైము
అందులోనే చూసి రాస్తాడు:
ఆరూ నలభై.
వెళ్ళిన టైము గడిలో మాత్రం
తనకి తోచింది వేస్తాడు.
మొన్న ఏడూ పది. నిన్న ఎనిమిది.
శుక్రవారం ఎందుకో
నాలుగున్నరకే
నన్ను ఇంటికి పంపించేశాడు.