ఎనిమిది గడ్డలు

బందరు నుంచి రాంనగర్‌కి ఎంత దూరమంటే
కిలోమీటర్లు చెప్పను.
ఐసు చెబుతాను.
ఎండాకాలం ముప్పై గడ్డలు, వానల్లో ఇరవై రెండు,
చలికి పద్నాలుగైనా సరిపోతాయి.
చేపల మార్కెట్లో చిట్టా రాసేవాడికి
ఈ భూగోళం చాలు.

తెల్లారుజాము మూడున్నరకి
నాంచారయ్య డీసీఎం వెనక్కి వెనక్కి వచ్చి ఆగుతుంది.
తలుపు సందుల్లోంచి నీళ్లు కారుతూనే ఉంటాయి.
పామర్రు, నందిగామ, కోదాడ, హయత్‌నగర్
దారంతా అట్లాగే కారుతూ వచ్చాయి మరి.
రోడ్డు మీద వేసిన తెల్లగీతల పక్కన
ఎవరూ టెండరు పిలవని సన్నటి ఉప్పుగీత,
పొద్దున ఆరిపోయి రాత్రికి మళ్లీ పడుతుంది.

కత్తిపీట ముందు బాలనర్సమ్మ
చేప కన్ను చూసి దారి చెబుతుంది.
"కోదాడల చాయ్‌కి దిగిండు.
సూర్యాపేటల గంట సేపు పండుకున్నడు."
నాంచారయ్య కాదనడు. తల గోక్కుంటాడు.

ఆ రోజు బండి మధ్యాహ్నం పన్నెండింటికొచ్చింది.
మున్నేరు రోడ్డెక్కిందని ముందే ఫోనొచ్చింది.
వంజరాలు మెత్తబడ్డాయి,
చందువల పొట్టలు పగిలాయి.
వాసనకి పక్క దుకాణం కోళ్లే మూతులు తిప్పుకున్నాయి.

ఖుద్దూస్ సేఠ్ వేళ్లు మడిచి లెక్కపెట్టాడు.
"ఇరవై రెండు ఎక్కించినవ్. ఎండ లేదు.
ఎనిమిది గడ్డల ఐసు ఎట్ల కరిగింది?
కరిగితే నీళ్లన్న ఉండాలె గద, నీళ్లేవి?"

నాంచారయ్య చేతులు లుంగీకి తుడుచుకున్నాడు.
తుడిచినవే మళ్లీ తుడిచాడు.

సేఠ్ నమాజుకి వెళ్లాక
సాసర్లో చాయ్ ఊదుకుంటూ నాతో అన్నాడు:

డివైడర్ అవతల ఒక వ్యాను. ఇటునుంచి అటు పోయేది.
నాగాయలంక వెళ్లాలంట.
మణికొండలో ఇరవయ్యో అంతస్తుకి అద్దాలు బిగించే కుర్రాడు.
బాక్సుకి కరెంటు పోయి నాలుగ్గంటలైంది.
వాళ్లక్క గొడుగేసుకుని డివైడర్ ఎక్కొచ్చింది.
ఏమీ అడగలేదండీ.
నా బండి వెనక, కారే నీళ్ల కింద
అరచెయ్యి పట్టింది.
చల్లగా ఉందో లేదో చూసుకుంది.
అంతే.

నేనూ క్లీనరూ, ఇంకో ముగ్గురు డ్రైవర్లూ
గడ్డ గడ్డా డివైడర్ దాటించాం.
చేపల వాసనొస్తదమ్మా అన్నాను.
మా నాన్న వేటకెళ్లేవాడు,
తమ్ముడికిది కొత్తేం కాదు అంది.

పేరేంటని అడిగావా అన్నాను.
అడగలేదన్నాడు. ఇద్దరి పేర్లూ.

చిట్టాలో 'కారణం' గడి రెండు వేళ్ల వెడల్పు.
పంచరు పడుతుంది. జామ్ పడుతుంది.
మున్నేరు అన్నా పడుతుంది.
పెన్ను పట్టుకుని చాలా సేపు కూర్చున్నాను.
ఆ గడి వదిలేసి
'కరిగినవి' కింద పడాల్సిన ఎనిమిదిని
పక్కనున్న 'ముట్టినవి' కింద వేశాను.
ఎవరికన్నది రాయలేదు.

దానివల్ల ఒరిగిందేమీ లేదు.
శనివారం నాంచారయ్య కూలిలో
పన్నెండు వందలు కోసేశారు.
కోసి లెక్కగట్టింది కూడా నేనే.

ఆ సాయంత్రం బాలనర్సమ్మ
అమ్ముడుపోని వంజరం ఒకటి ఎత్తి
కన్నులోకి చూసింది. బల్బు కింద పెట్టి మళ్లీ చూసింది.
"ఇది యాడ ఆగిందో నాకు తెలుస్తలేదు" అని
బుట్టలో పడేసింది.

తర్వాత ఎప్పటిలాగే పైపు పెట్టి గచ్చు కడిగాం.
పొలుసులూ నెత్తురూ మిగిలిన ఐసుముక్కలూ
నాలాలోకి, నాలా మూసీలోకి,
మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలోకి పోతాయి.
కృష్ణ నాగాయలంక పక్కనుంచే వెళ్తుందట.
ఎన్ని రోజులు పడుతుందో తెలియదు.
ఆ దారికి చిట్టా లేదు.