నలభై ఎనిమిదో పేజీలో

గొల్లపల్లిలో పనసచెక్క తొలిచి వీణలు చేస్తారు.
ఇక్కడ, బొబ్బిలి రైలు గేటు పక్కన, నేను
చచ్చిన పుస్తకాల వెన్ను విప్పి మళ్ళీ కుడతాను.
మైదా జిగురు, అందులో చిటికెడు మైలుతుత్తం
పురుగు రెండో పేజీ దాటకుండా.
దబ్బనం. మైనం రాసిన దారం.

లోలాక్షి గారి అద్దె పుస్తకాల కొట్టు నుంచి
నెలకో గోనెసంచి దిగుతుంది:
మాంత్రికులు, రాకెట్లు, రక్తం తాగే గ్రహాలు,
అట్ట మీద ఒక బొమ్మ, లోపల దాని మొహమే ఎరగని కథ.
కుట్టేవాడు చదవకూడదని మా సత్యారావు మేస్త్రీ చెప్పాడు.
చదివాను.
చదివి, పద్దు పుస్తకం తిరగేసి రాసుకోవడం మొదలెట్టాను.
ముందు నుంచి నాకు రావలసిన బాకీలు,
వెనక నుంచి ఇవి:

"తలలేని రాక్షసుడు అవునన్నట్టు తలూపాడు."

"ఆ గ్రహం మీద గాలి లేదని తెలిశాక
అతడు హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు."

"మాంత్రికుడు మాయమైపోయాడు.
సిగ్గుతో అతని మొహం ఎర్రబడింది."

ఇది చదివిన రోజు దబ్బనం వేల్లో దిగింది.
పదకొండో పేజీ మీద ఇప్పటికీ నా నెత్తుటి మరక.
అద్దెకు తీసుకున్నవాళ్ళు కథలో భాగమే అనుకుంటారు.

"కాంతి కన్నా వేగంగా పోతోంది రాకెట్.
వానేమన్నా పడుతోందా అని
కెప్టెన్ కిటికీలోంచి చెయ్యి చాపాడు."

"రోబోకు మనసు లేదు.
ఆ మాట విని అది చాలా నొచ్చుకుంది."
దీని పక్కన ఎవరో పెన్సిలుతో:
మా హెడ్మాస్టరూ ఇంతే.

సాయంత్రం రాయగడ పాసింజరు కోసం గేటు పడితే
పైకి చదివేవాణ్ణి.
ఆటోల వాళ్ళు ఇంజన్లు ఆపి వినేవారు.
టీ బడ్డీ పైడిశెట్టి నవ్వలేక పాలు పొంగించుకునేవాడు.
అన్నిటికన్నా పెద్ద నవ్వు దీనికి:

"భూమి పేలిపోయింది.
మర్నాడు పొద్దున్న శేఖరం కాస్త ఆలస్యంగా లేచాడు."

ఆ రోజు సైకిలు దిగకుండా
ఒంటికాలు నేలకానించి నిలబడ్డ ఒకాయన
నవ్వలేదు.
"అది నాదే" అన్నాడు.

పొట్నూరు అసిరినాయుడు.
జనపనార మిల్లులో టైం కీపరు,
రాత్రులు డాక్టర్ శుక్రకుమార్.

"ఆరు ఫారాలు రాయాల. ఫారానికి యాభై రూపాయలు.
మూడో ఫారం ఆకర్నే భూమి పేలిపోనాది.
ఇంకా మూడున్నాయి. ఏటి సేయమంతావు?
శేఖరాన్ని లేపినాను."

పైడిశెట్టి మంట తగ్గించాడు.

"నవ్వు బాబూ, తప్పేటి నేదు.
గానీ ఆ నెల్లోనే మిల్లుకి తాళం ఏసీసినారు.
గేటుకి కాయితం అంటించీసినారు.
మర్నాడు నానేటి సేసినానో తెల్సా?
నాలుగున్నరకి లెగిసి, కేరేజీ కట్టించుకోని ఎల్లినాను.
తాళంకప్ప కాడ నిలబడి
ఎవుడు ఆలీసంగా ఒచ్చినాడో రాసుకున్నాను.
నలుగురు ఆలీసం."

రైలు పోయింది. గేటు లేచింది.
వెనక లారీవాడు హారను కొట్టేదాకా
ఒక్క ఆటో కదల్లేదు.

వారం తర్వాత తన కాపీ తెచ్చాడు,
చెదలు తినగా మిగిలింది. జాగ్రత్తగా కుట్టాను.
ఇంత జాగ్రత్త పెళ్ళిశుభలేఖకీ పెట్టలేదు.
తీరా చూస్తే నాలుగో ఫారం తలకిందులు.

నాలిక్కరుచుకుని, విప్పి మళ్ళీ కుడతానన్నాను.
ఆయన పుస్తకాన్ని ఇటు తిప్పాడు, అటు తిప్పాడు,
కళ్ళజోడు తీసి చొక్కాకి తుడుచుకున్నాడు.

"ఉండనీ.
ఆ ఫారం కాడికి భూమే నేదు కదా.
ఏది పైన, ఏది కింద?"