పదకొండో అంశం

మా ఫిల్టరు కాడ ఇరవై లీటర్ల క్యాను నిండాలంటే
రెండు నిమిషాల పది సెకన్లు.
మెంబ్రేను కొత్తప్పుడు ఒకటిన్నరే.
నాకు గడియారం అక్కర్లా.
నీళ్ళ చప్పుడు సన్నబడిందంటే
క్యాను మెడ కాడికి వచ్చినట్టు.

ప్రభుదాసు సారు నెల్లూరు నించి బస్సెక్కి
వరికుంటపాడులో దిగి, ఆటోలో వచ్చి
ఒక కాయితం చూపించినాడు.
ఈ ఫిల్టరు పెట్టించిన చలిదేశంలో
పెద్ద సభ ఒకటి ఉండాదంట.
వచ్చే ఏడు బయటి దేశాలకి ఎంతియ్యాల,
అసలు ఇయ్యాల్నా వద్దా,
గురువారం మాట్లాడతారంట.
పదకొండో అంశం.
ఇరవై నిమిషాలు రాసిపెట్టినారు.

ఇరవై నిమిషాలంటే తొమ్మిది క్యాన్లు,
పదోదానికి అడుగు తడుస్తాది.
అదే చెప్పినా సారుతో. ఆయన నవ్వలా.
"మనూరు ఒకటేనా మస్తానమ్మా,
నూటపన్నెండు దేశాలు" అన్నాడు.
దేశానికి పదకొండు సెకన్లు కూడా రాదు.
నరసయ్య తాత అరుగు మీద నించి లేచేదానికే
అంతకు నాలుగింతలు పడతాది.
ఫ్లోరైడు నీళ్ళు ఆయన మెడని
కొయ్యకి కొట్టిన మేకు చేసినాయి.
పక్కనోళ్ళతో మాట్లాడాలంటే
బండి మలుపు తిరిగినట్టు ఒళ్ళంతా తిరగాల.

గురువారం రాత్రి తొమ్మిదిన్నరకి
ఫోను ఉప్పు పాకెట్టుకి ఆనించి పెట్టినా.
సారు, నేను, తాత, బోరు మెకానిక్ ఖాజావలి.
వాళ్ళకింకా పొద్దు పోలా.
ఏదో రేవు వంతెన గురించి జరుగుతా ఉండాది,
దాని కమ్ముల్లో పక్షులు గూళ్ళు కట్టినాయంట,
రంగు ఎప్పుడెయ్యాల అని.
గంటన్నర.
బెంచీలు కిటకిట.

పదకొండు అనంగానే
ఆట వదిలిన సినిమా హాలు.
ఖాజావలి లెక్కబెట్టినాడు, పద్నాలుగు మంది.
"ఒకాయన కునుకుతుండాడు, పదమూడు రాసుకో."
బూడిదరంగు కోటామె ఒకామె లేచింది.
మాట్లాడే ముందు
గ్లాసెత్తి రెండు గుక్కలు తాగింది.
ఇక్కడ మా నలుగురి గొంతులూ ఒక్కసారే కదిలినాయి.
ఆ నీళ్ళు యాడివో,
వాటికి మీటరు పెట్టి చూస్తే ఎంత వస్తాదో.

ఆమె కాయితం తిప్పతా ఉండంగానే గంట కొట్టినారు.
వంతెన మా వాటా తినేసింది.
మాకు దక్కింది ఏడు నిమిషాలు,
మూడు క్యాన్లు.
"మిగతాది రాతలో ఇస్తానంటుండాది" అన్నాడు సారు.
"మరి చేతులెత్తేది?"
"తర్వాతి సమావేశాలకి జరిపినారు."
"ఎప్పుడు?"
"సెలవలైనాక."

తాత ఒళ్ళంతా తిప్పి సారు వైపు చూసినాడు.
ఏమీ అన్లా. మళ్ళీ ఒళ్ళంతా తిప్పుకున్నాడు.
ఫోన్లో బెంచీలు ఖాళీ,
బల్ల మీద సగం గ్లాసు నీళ్ళు అట్టనే ఉండాయి.

నాకు తిట్టాలనిపించింది.
నోటిదాకా వచ్చినాక
చెంచమ్మ గుర్తొచ్చింది.

యానాది కాలనీ నించి కిలోమీటరున్నర నడిచి
నెత్తిన ఒకటి, చంకలో ఒకటి బిందె పెట్టుకొని
ఆమె వచ్చేసరికి వరస ట్రాన్స్‌ఫార్మరు దాటి ఉంటాది.
అర్ధరాత్రి రెండుకి వచ్చిన కరెంటు అయిదుకి పోతాది.
నేనే అంటా, "రేపు చూద్దాంలే చెంచమ్మా."
నెలలో ఎన్నిసార్లు అన్నానో
రాసిపెట్టిన రిజిస్టరు లేదు.
ఆమె బిందెలు గలగలమనకుండా
చీరకొంగు అడ్డం పెట్టుకొని పోతాది.
గంట కూడా కొట్టలేదు నేను.

ఆ రాత్రి నిద్రపోలా.
రెండూ పదికి కరెంటొచ్చింది.
ముందు రోజే కబురు పెట్టినా గనక
చెంచమ్మ, ఆమె తోడికోడలు, ఇంకా అయిదుగురు
చీకట్లో కూసోని ఉండారు.
మొదటి కుళాయి వాళ్ళకి తిప్పినా.
వెనక నించి కేకలు.
సర్పంచి బామ్మర్ది అయితే
ఇదేం పద్ధతి, ఎవర్నడిగి మార్చినావు అన్నాడు.
రాతలో ఇయ్యమన్నా.

చెంచమ్మ బిందె కింద చెయ్యి పెట్టి
నీళ్ళ చప్పుడు వింటా ఉండా.
ఇరవై లీటర్లకి రెండు నిమిషాల పదిహేను.
నిన్నటి మీద అయిదు సెకన్లు ఎక్కువ.