ఒక కాలికి సరిపడా

టికెట్ గదిలో హీటరు ఉంది.
ఉందని చెప్పుకోవడానికి ఉంది.
ఒక కాలికే చాలుతుంది దాని వేడి.
ఎడమకాలు కాసేపు, కుడికాలు కాసేపు,
పోట్లాడుకునే పిల్లలకు తల్లి వంతులేసినట్టు
నా కాళ్లకు నేనే వంతులేస్తాను.

పుంతా అరీనస్‌లో డిసెంబరు అంటే ఎండాకాలం.
నవ్వకండి.
క్యాలెండరు మాట అది.
గాలికి చదువు రాదు.
వీధి మలుపుల్లో తాళ్లు కట్టారు, పట్టుకుని నడవమని.
పొద్దున ఆ తాడుకి
నేనూ, ఒక పోస్టుమానూ, కేకు పెట్టె చంకలో ఇరికించుకున్న ఓ ముసలాయనా
ఆరేసిన బట్టల్లా వేలాడాం.
నోరు తెరిస్తే గాలి దూరుతుంది.
పండగ మాట కళ్లతోనే చెప్పుకున్నాం.
కేకుకి ఏమీ కాలేదు.

పదకొండింటికి రేవు మూసేశారు.
జలసంధి నిండా నురగ,
కాపరి లేని గొర్రెల్లా ఎటుపడితే అటు.
అటు ఒడ్డున పోర్వెనీర్‌లో
ఎవరెవరి పొయ్యిల మీదో మాంసం మగ్గుతోంది.
ఇటు ఒడ్డున ఏడు లారీలు, ఏడుగురు డ్రైవర్లు,
అందరూ తిట్టడానికి నేనొక్కదాన్ని.
నా గాజుకిటికీకి అర్ధచంద్రంలా ఒక కంత.
టికెట్లు బయటికి పోతాయి, తిట్లు లోపలికొస్తాయి.

నోల్బెర్తో మాత్రం తిట్టలేదు.
ఉత్తరాన్నించి చెర్రీపళ్లు తోలుకొచ్చే లారీ అతనిది.
ఒక పెట్టె మూత పీకి,
"దారిలో నలిగిందని రాసుకుంటాలే" అన్నాడు.
కంతలోంచి ఒక్కో పండూ తోశాడు, చిల్లర లెక్కపెట్టినట్టు.
నేను కెటిల్ పెట్టాను.
ఎనిమిది మందికి ఐదు కప్పులు.
తాగినవాడు కడిగి పక్కవాడికివ్వాలి, అదే రూలు.
గింజ ఎవడు దూరంగా ఉమ్ముతాడో పందెం కాశారు.
గాలికెదురు నిలబడ్డవాడి గింజ
వాడి గడ్డంలోకే తిరిగొచ్చింది.
మిలెంకో కూతురు నాన్న మాట నమ్మలేదట,
ఫోను ఆకాశానికెత్తి పట్టుకున్నాడు,
"విను, ఇదే నన్ను రానివ్వనిది."
చాలాసేపు అలాగే పట్టుకున్నాడు.
మేం కప్పులు చూసుకుంటూ కూచున్నాం.

రద్దు, రద్దు, రద్దు.
ఎర్రసిరా ముద్ర వేసేది నేనే.
సాయంత్రానికి వేళ్ల మీద ఏది సిరానో
ఏది చెర్రీ రసమో తెలియలేదు.

మా ఇంట్లో పరుపొకటే.
నాకు రాత్రి, యాస్నాకి పగలు.
ఆసుపత్రి వంటగదిలో నా కూతురు రొట్టెలు కాలుస్తుంది.
రోగాలకి సెలవుండదు కదా.
తెల్లారి అయిదున్నరకి నేను లేస్తాను,
కనుబొమల్లో పిండితో తనొచ్చి
నేను లేచిన గుంటలోనే ముడుచుకుంటుంది.
నేనేదో ఇచ్చానని ఎప్పుడూ అనుకోలేదు.
లేచాను, అంతే.

ఇవాళ మాకు దొరికింది నలభై నిమిషాలు.
ఎనిమిదైనా ఎండ కిటికీ వదల్లేదు.
రంగుల బల్బుల దండ వేస్తే
వెలిగిందో లేదో తెలియలేదు.
ఇద్దరం దండతో సహా దుప్పట్లో దూరాం.
అక్కడుంది పండగ,
పచ్చగా, ఎర్రగా, యాస్నా ముక్కు మీద.
చెర్రీలు అక్కడే తిన్నాం.
దుప్పటికి మరక పడింది, పడనీ.

గిన్నెలు కడుగుతుంటే
"పది నిమిషాలు నడుం వాలుస్తానమ్మా" అంది.
తర్వాత బూట్ల చప్పుడు, తలుపు, గాలి.

దీపమార్పి పడుకున్నాను.
పక్క వెచ్చగా ఉంది.
నడుమ కాదు, నేను పడుకునే వైపు,
గోడవైపు,
తనెప్పుడూ పడుకోని వైపు.

రెండు కాళ్లూ చాపాను,
ఒకేసారి.

రేపు లేవకముందు
ఇంకో అయిదు నిమిషాలు
ఊరికే పడుకోవాలి,
కావాలనే.